ఊరు మారుతున్నారా? ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువు ఆగకుండా ఇవి చూసుకోండి
సత్తుపల్లి, చుట్టుపక్కల సరిహద్దు మండలాల తల్లిదండ్రుల కోసం

ఈ పత్రం ఎవరికి?
వినికిడి, చూపు, నడక, మాట, బుద్ధి వికాసం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి కారణాలతో బళ్లో అదనపు సాయం కావాల్సిన పిల్లలు ఉండి, ఇంకో మండలానికో జిల్లాకో రాష్ట్రానికో ఇల్లు మారుస్తున్న కుటుంబాలకు. ఫోన్‌లో దాచుకోండి. అవసరమున్న వాళ్లకు పంపండి.

ముందుగా ఒక మాట

సత్తుపల్లి ప్రాంతంలో ఇల్లు మారడం కొత్తేమీ కాదు. సింగరేణిలో పనిచోటు మారితే ఒక కుటుంబం కొత్తగూడెం వైపు వెళ్తుంది. పామాయిల్ తోటల్లో పని దొరికితే ఇంకో కుటుంబం దమ్మపేటకో అశ్వారావుపేటకో వెళ్తుంది. అమ్మగారి ఊరు చింతలపూడో తిరువూరో అయితే ఏకంగా రాష్ట్రమే మారుతుంది. మిగతా పిల్లలకైతే టీసీ తీసుకుని కొత్త బళ్లో చేర్పిస్తే దాదాపు పని అయిపోతుంది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు అంతటితో అవ్వదు.

ఈ మధ్య ఒక తల్లి తన తొమ్మిదేళ్ల బాబుతో నన్ను కలిసింది. బాబు కాళ్లకు క్యాలిపర్లు వేసుకుని నడుస్తాడు. పాత ఊళ్లో వారం వారం ఫిజియోథెరపీ జరిగేది. జూన్‌లో కుటుంబం తోట పనికి సరిహద్దు దాటి వెళ్లింది. కొత్త బళ్లో బాబును వెంటనే చేర్చుకున్నారు, ఎవరూ కాదనలేదు. కానీ బాబుకు అదనపు సాయం కావాలని రికార్డులో ఎక్కలేదు. జూన్ నుంచి డిసెంబర్ దాకా ఒక్క రోజు కూడా థెరపీ లేదు. పిల్లవాడు ఎదిగాడు, క్యాలిపర్లు చిన్నవై కాళ్లకు ఒరుసుకుపోయాయి. పుండ్లు పడ్డాక వాటిని తీసేశారు. నడక మానేసి మళ్లీ పాకడం మొదలుపెట్టాడు.

బాధేమిటంటే, వాళ్లున్న ఊరికి నాలుగు కిలోమీటర్లలోనే భవిత కేంద్రం ఉంది. ఆ సంగతి వీళ్లకు ఎవరూ చెప్పలేదు, వీళ్లకు అడగాలని తెలియలేదు.

అందుకే ఈ పత్రం. ఇందులో చెప్పేది ఒక్కటే. కొత్త ఊరిని బడి పేరు చూసి, బిల్డింగు చూసి ఎంచుకోకండి. మీ బిడ్డకు వారానికి ఎన్ని గంటల సాయం నిజంగా అందుతుందో లెక్క వేసి ఎంచుకోండి.

1. ఏ ఊరు ఏ ఆఫీసు కిందకు వస్తుంది?

చుట్టాలు చెప్పిన సమాచారంలో ఎక్కువ తప్పులు ఇక్కడే. పాత లెక్కలే చాలామందికి గుర్తున్నాయి.

- సత్తుపల్లి, వేంసూరు, పెనుబల్లి, కల్లూరు, తల్లాడ: ఖమ్మం జిల్లా.
- అశ్వారావుపేట, దమ్మపేట: 2016 అక్టోబర్ 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. వీటి పని ఖమ్మం ఆఫీసులో అవ్వదు, కొత్తగూడెంలో అడగాలి.
- చింతలపూడి, జంగారెడ్డిగూడెం: ఆంధ్రప్రదేశ్, ఏలూరు జిల్లా. 2014 వరకు మన ఖమ్మం జిల్లాలో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు కూడా ఇప్పుడు ఏలూరు జిల్లాలోనే ఉన్నాయి.
- తిరువూరు: ఆంధ్రప్రదేశ్, ఎన్టీఆర్ జిల్లా.

జిల్లా మారితే డీఈవో మారతారు, రాష్ట్రం ఒకటే. రాష్ట్రం మారితే పుస్తకాలు, పదో తరగతి బోర్డు, పింఛను, బస్సు పాసు అన్నీ మారతాయి. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేటకు పోయినా చింతలపూడికి పోయినా బస్సులో పెద్ద తేడా అనిపించదు. కాగితాల్లో మాత్రం చాలా తేడా ఉంది.

2. రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉండే హక్కులు

ఇవి కేంద్ర చట్టాలు. సరిహద్దు దాటినా మీ వెంటే వస్తాయి.

- టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం హెడ్‌మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ రాలేదన్న కారణంతో కొత్త బడి ప్రవేశం ఆపకూడదు, వాయిదా వేయకూడదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇది వర్తిస్తుంది.
- సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. అడ్మిషన్లు అయిపోయాయన్న మాట ఈ పిల్లలకు చెల్లదు.
- వైకల్యం ఉందని కాదనకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ బడే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా వివక్ష లేకుండా చేర్చుకోవాలి.
- 18 ఏళ్ల వరకు ఉచిత చదువు. 40 శాతం, అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదివే హక్కుంది. దగ్గరి బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది మీ ఇష్టం.
- బడికి రాలేని పిల్లలకు ఇంటి వద్దే చదువు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఈ అవకాశం ఉంది. ఇది మీరు కోరుకుంటే ఇచ్చేది. రాగలిగే పిల్లవాడిని ఇంట్లో ఉంచమని బడి మిమ్మల్ని బలవంతం చేయకూడదు.

3. భవిత కేంద్రం అంటే ఏమిటి?

రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ఎక్కువగా మండల కేంద్రంలోని ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటాయి. ఇక్కడ ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు నేర్పేందుకు శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు ఉంటారు. పిల్లలను బడికి సిద్ధం చేయడం, మామూలు బళ్లో చదివే పిల్లలకు సాయపడటం, కదలలేని పిల్లల ఇంటికి వెళ్లి నేర్పడం వీళ్ల పని. ఫిజియోథెరపీ కూడా ఇక్కడే చేస్తారు.

ఈ విభాగాన్ని తెలంగాణలో 'సమ్మిళిత విద్య' అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 'సహిత విద్య' అంటారు. అటు వెళ్లినప్పుడు ఆ పేరుతో అడిగితే పని త్వరగా అవుతుంది.

అర్హత ఉన్న పిల్లలకు కేంద్రానికి రాకపోకల భత్యం, వెంట వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు రూ.200 చొప్పున 10 నెలల స్టైపెండ్ ఉంటాయి. ఇవి రావాలంటే పిల్లల పేరు ప్రత్యేక అవసరాల జాబితాలో ఉండాలి. పైన చెప్పిన బాబు విషయంలో జారిపోయింది సరిగ్గా ఇదే.

4. ఊరు ఖాయం చేసుకోకముందే అడగాల్సిన ఏడు ప్రశ్నలు

రెండు ఊళ్లు, మూడు ఊళ్లు అనుకుంటున్నారా? ఒక కాగితం తీసుకోండి. ప్రతి ఊరికీ ఇవే ఏడు ప్రశ్నలు అడిగి జవాబు రాసుకోండి. ఒక్కో ఊరికి ఒక్కో రకంగా అడిగితే పోల్చడం కుదరదు.

ఒకటి. భవిత కేంద్రం ఇంటికి ఎంత దూరం? ఏ బస్సు, ఎన్ని గంటలకు?
కిలోమీటర్లు అడిగి ఊరుకోకండి. పొద్దున వెళ్లే బస్సు ఉందా, తిరిగొచ్చే బస్సు ఉందా, మెయిన్ రోడ్డు నుంచి ఎంత నడవాలి అన్నవి కూడా అడగండి. ఎత్తుకుని నడవాల్సిన పిల్లవాడికి ఒక కిలోమీటరు కూడా దూరమే.

రెండు. ఐఈఆర్‌పీ పోస్టులో మనిషి ఉన్నారా? ఏ వైకల్యంలో శిక్షణ పొందారు?
బుద్ధి మాంద్యానికి శిక్షణ వేరు, వినికిడి లోపానికి వేరు, చూపు లోపానికి వేరు. మీ బిడ్డకు సైగల భాషో బ్రెయిలీయో అవసరమైతే అది వచ్చిన వాళ్లు ఆ మండలంలో ఉన్నారా అని సూటిగా అడగండి. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు చూపారు. కాబట్టి 'మీ దగ్గర ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లు' అని అడగడం తప్పు కాదు, మీ హక్కు.

మూడు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఏ రోజు?
'ఉంది' అనే జవాబుతో వెనక్కి రావద్దు. చాలా చోట్ల థెరపిస్టు రోజూ ఉండరు, ఖరారు చేసిన రోజునే వస్తారు. ఏ వారం? ఎన్ని గంటలకు? గత నెలలో ఎన్నిసార్లు వచ్చారు? ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అసలైన జవాబు.

నాలుగు. బడి లోపల తిరగగలడా?
మీ కళ్లతో చూడండి. ర్యాంపు ఉందా, పక్కన పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా? ర్యాంపు ఎక్కాక గుమ్మం అడ్డుందా? టాయిలెట్ తలుపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుందా, తాళం వేసి ఉంటోందా? పిల్లవాడి తరగతి మేడ మీద ఉంటే కింది గదికి మారుస్తారా?

ఐదు. బళ్లో ఫిట్స్ వస్తే, మందు వేయాల్సి వస్తే ఎవరు చూస్తారు?
ఎవరి పేరు చెప్తారో రాసుకోండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఎంత దూరమో, మీ బిడ్డ వాడే మందు అక్కడ దొరుకుతుందో కనుక్కోండి.

ఆరు. ఈ తరగతి తర్వాత ఎక్కడికి?
మీ బిడ్డ నాలుగో తరగతి అనుకోండి. ఆ ఊరి బడి ఐదుతో ఆగిపోతే రెండేళ్లకే మళ్లీ మారాలి. హైస్కూల్ ఎక్కడ, అక్కడికి ఎలా పోవాలి అన్నది ఇప్పుడే చూసుకోండి. కొత్త మనుషులకు, కొత్త చోటుకు అలవాటు పడటానికి నెలలు పట్టే పిల్లలకు ఇది మరీ ముఖ్యం.

ఏడు. అక్కడ ఇలాంటి బిడ్డ ఉన్న ఇంకో తల్లి ఏమంటోంది?
భవిత కేంద్రం దగ్గర పొద్దున ఒక గంట నిలబడితే కనీసం ఇద్దరు తల్లులు కనబడతారు. ఆఫీసులో నేను చెప్పే దానికన్నా వాళ్లు చెప్పేది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఏజెన్సీ మండలాలకు వెళ్లేవారికి: ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ శాఖ కింద, ఐటీడీఏ పర్యవేక్షణలో నడుస్తాయి. భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష కింద ఉంటాయి. శాఖలు వేరు కాబట్టి 'మీ ఆశ్రమ బడికి ఐఈఆర్‌పీ వస్తారా, పిల్లవాడిని భవితకు పంపుతారా' అని ముందే అడగండి. హాస్టల్లో ఉంచేటట్టయితే రాత్రి పూట టాయిలెట్‌కు ఎవరు తీసుకెళ్తారన్నది కూడా అడగండి. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లలైతే ఆ సంగతి టీచరుకు, స్పీచ్ థెరపిస్టుకు తప్పక చెప్పండి. తెలుగు ఇంకా రాకపోవడం వేరు, మాట రాకపోవడం వేరు.

5. లెక్క వేసి చూద్దాం

ఇది ఉదాహరణ మాత్రమే. ఎనిమిదేళ్ల పాపకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. వారానికి ఒకసారి ఫిజియోథెరపీ కావాలి. రెండు ఊళ్లు చూశారు.

మొదటి ఊరు: బడి పెద్దది, కొత్త గదులు, చాలామంది పిల్లలు. భవిత కేంద్రం 14 కిలోమీటర్లు. రెండు బస్సులు మారాలి. వెళ్లిన రోజు తల్లికి కూలి పోతుంది. నెలకు నాలుగుసార్లు వెళ్లాలని అనుకుంటారు, కానీ వానొచ్చో పని దొరికో రెండుసార్లే కుదురుతుంది. బడి నడిచే 10 నెలల్లో 20 సార్లు.

రెండో ఊరు: బడి చిన్నది, గోడలకు సున్నం కూడా సరిగా లేదు. భవిత కేంద్రం అదే ఆవరణలో ఉంది. థెరపిస్టు వచ్చిన రోజు టీచరే పాపను పక్క గదికి పంపుతారు. నెలకు నాలుగుసార్లు. 10 నెలల్లో 40 సార్లు.

రెండో ఊళ్లో పాపకు రెట్టింపు సాయం అందుతుంది, తల్లి కూలీ పోదు. చూడ్డానికి మొదటి బడి బాగుంటుంది. ఈ పాపకు మాత్రం రెండోదే మంచిది.

వేరే బిడ్డకు ఇదే లెక్క తిరగబడవచ్చు. వినికిడి యంత్రంతో బాగా వినగలిగి, థెరపీ పెద్దగా అవసరం లేని పిల్లవాడికి మంచి టీచర్లున్న పెద్ద బడే మేలు కావచ్చు. లెక్క మీ బిడ్డను బట్టి వేయండి, పక్కింటి వాళ్ల బిడ్డను బట్టి కాదు.

6. సరిహద్దు దాటితే ఏవి వస్తాయి, ఏవి రావు?

మీ వెంట వచ్చేవి

- వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు: దేశమంతా చెల్లుతాయి. కార్డు మీద తెలుపు రంగు ఉంటే 40 శాతం లోపు, పసుపు ఉంటే 40 నుంచి 80 లోపు, నీలం ఉంటే 80, ఆపైన. మీ దగ్గర పాత సదరం సర్టిఫికెట్ మాత్రమే ఉంటే ఇల్లు మారకముందే యూడీఐడీకి దరఖాస్తు చేయండి. ఫోన్‌లో మీరే చేయవచ్చు, మీసేవలో కూడా చేయించవచ్చు. చిన్నపిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద గడువు తేదీ చూడండి. రెండు, మూడు నెలల్లో ముగిసేదైతే ఇక్కడే రెన్యువల్ చేయించుకుని వెళ్లడం తేలిక. సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులకు ఒక్క రూపాయి ఇవ్వకండి.
- నిరామయ ఆరోగ్య బీమా: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు ఇచ్చే రూ.1 లక్ష వరకు బీమా. కేంద్ర పథకం కాబట్టి రాష్ట్రం మారినా పోదు. ఏటా రెన్యువల్ మరవకండి.
- ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్: 9, 10 తరగతుల దివ్యాంగ విద్యార్థులకు కేంద్రం ఇచ్చేది. 40 శాతం వైకల్యం, ఏడాదికి రూ.2.5 లక్షల లోపు కుటుంబ ఆదాయం ఉండాలి.
- ఇచ్చిన పరికరాలు: వీల్‌చైర్, క్యాలిపర్లు, వినికిడి యంత్రం అన్నీ పిల్లలవే. వెంట తీసుకెళ్లండి. కేంద్ర ఏడిప్ పథకంలో ఒకసారి పరికరం తీసుకుంటే మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు, 12 ఏళ్ల లోపు పిల్లలకైతే ఏడాది దాకా. ఇచ్చిన తేదీ ఉన్న కాగితం దాచండి. బిడ్డ ఎదిగి పరికరం చిన్నదైతే అదే ఆధారం.

ఇక్కడే ఆగిపోయేవి

- పింఛను: తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు రూ.4,016. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి రూ.6,000. రాష్ట్రం మారితే ఒకటి ఆటోమేటిగ్గా రెండోది అవ్వదు. ఇక్కడ ఆపించుకుని, అక్కడి నివాసంతో కొత్తగా దరఖాస్తు చేయాలి. మంజూరు అయ్యేదాకా చేతికి డబ్బు రాదు, ఆ నెలల ఖర్చు ముందే చూసుకోండి. రెండు చోట్లా తీసుకుంటే తర్వాత రికవరీ పెడతారు. తెలంగాణలోనే మండలం మారుతుంటే ఎంపీడీవో ఆఫీసులో, పట్టణమైతే మున్సిపల్ ఆఫీసులో బదిలీకి దరఖాస్తు ఇవ్వండి.
- బస్సు: తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. అది రాష్ట్ర సరిహద్దు వరకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది, అది అక్కడి మహిళలకు. అంటే ఇల్లు ఇటు, భవిత కేంద్రం అటు అయితే తల్లి సరిహద్దు దాటాక టికెట్ కొనాలి. మగపిల్లలకు రెండు పథకాలూ వర్తించవు. వాళ్లకు దివ్యాంగుల రాయితీ పాసు తీసుకోండి, రెండు ఆర్టీసీలు వేరు కాబట్టి పాసులూ వేరు.
- ఆరోగ్య కార్డు: తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉంటే అది అయ్యాక మారడం మంచిది.
- పదో తరగతి: బోర్డులు వేరు, పుస్తకాలు వేరు. అదనపు సమయం, స్క్రైబ్, భాషా మినహాయింపు వంటి పరీక్ష రాయితీలకు హెడ్‌మాస్టరు ద్వారా ముందుగా దరఖాస్తు వెళ్లాలి. తప్పనిసరి అయితే తప్ప పదో తరగతి మధ్యలో రాష్ట్రం మారకండి.

7. ఎప్పుడు ఏం చేయాలి?

మూడు నెలల ముందు: యూడీఐడీ, సర్టిఫికెట్ గడువు చూసుకోండి. ఏడు ప్రశ్నలతో కొత్త ఊరికి ఒకసారి వెళ్లిరండి. వీలైతే వేసవి సెలవుల్లోనే ఇల్లు మారండి, జూన్‌లో బడి తెరిచే నాటికి పిల్లవాడు అందరితో పాటే మొదలుపెడతాడు.

నెల ముందు: పాత బడి నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల కాగితం అడగండి. తర్వాత స్థానికత విషయంలో ఏ తరగతి ఎక్కడ చదివాడన్నది అడుగుతారు కాబట్టి ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తప్పనిసరి. భవిత కేంద్రంలో పిల్లవాడి ఫైలు జిరాక్స్ ఇవ్వమని అడగండి. ఏం నేర్చుకున్నాడు, ఏ వ్యాయామాలు చేయిస్తున్నారు, చివరి అసెస్‌మెంట్ ఎప్పుడు అన్నవి అందులో ఉంటాయి. ఇంట్లో చేయించే వ్యాయామాలను ఫోన్‌లో వీడియో తీసుకోండి.

మారిన వారంలో: బళ్లో చేర్చండి. చేర్చేటప్పుడు ఈ మాట నోటితో చెప్పండి: 'మా పిల్లవాణ్ని యూడైస్‌లో ప్రత్యేక అవసరాలు గల పిల్లవాడిగా నమోదు చేయండి.' యూడీఐడీ జిరాక్స్ ఇవ్వండి. పాత బడి ఆన్‌లైన్‌లో పేరు వదిలితేనే కొత్త బడి తీసుకోగలదు, ఆ పని అయిందో లేదో రెండు బళ్లకూ ఫోన్ చేసి కనుక్కోండి.

15 రోజుల్లో: బడి చూసుకుంటుందిలే అని ఆగకండి. మీరే భవిత కేంద్రానికి వెళ్లి పేరు రాయించండి. థెరపీ రోజు, ఐఈఆర్‌పీ ఫోన్ నంబరు తీసుకోండి.

నెల తర్వాత: 'జాబితాలో మా వాడి పేరు ఉందా, చూపించండి' అని అడగండి. కళ్లతో చూసేదాకా ఉందనుకోవద్దు.

8. మీ బిడ్డ గురించి ఒక పేజీ రాసివ్వండి

కొత్త టీచరుకు సర్టిఫికెట్ చూస్తే శాతం తెలుస్తుంది, పిల్లవాడు తెలియడు. అందుకే ఒక పేజీ మీరే రాయండి. చదువు రాకపోతే పెద్దబిడ్డతోనో ఐఈఆర్‌పీతోనో రాయించండి. ఇలా ఉంటే చాలు:

'మా పాప పేరు, వయసు. పేరు పెట్టి పిలిస్తే వెంటనే తిరగదు, భుజం తాకితే తిరుగుతుంది. టాయిలెట్ వస్తే చెప్పదు, గౌను అంచు పట్టుకుని లాగుతుంది. అన్నం మెత్తగా కలిపితేనే మింగుతుంది. గంట మోగితే భయపడి చెవులు మూసుకుంటుంది, తిట్టకండి, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. పొద్దున ఎనిమిదింటికి ఫిట్స్ మందు వేస్తాం. ఫిట్ వస్తే పక్కకు పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టకండి, మాకు ఫోన్ చేయండి. ఐదు నిమిషాలు దాటితే 108కి చేయండి. రంగులు అంటే ఇష్టం. పదిదాకా లెక్కపెడుతుంది.'

చివరి రెండు మాటలు వదిలేయకండి. ఏం రాదో అందరూ రాస్తారు. ఏం వచ్చో రాస్తేనే టీచరు అక్కడి నుంచి మొదలుపెడతారు.

9. తరచూ అడిగే ప్రశ్నలు

'మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు, వేరే బడి చూసుకోండి' అంటే?
అది కారణం కాదు. చేర్చుకోనన్న విషయం కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే అదే రోజు ఎంఈవోకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

సర్టిఫికెట్ ఇంకా రాలేదు. చేర్చుకుంటారా?
చేర్చుకోవాలి. బడి ప్రవేశానికి వైకల్య సర్టిఫికెట్ షరతు కాదు. భత్యాలకు, పరీక్ష రాయితీలకు అది కావాలి, కాబట్టి పక్కన దరఖాస్తు పెట్టండి.

40 శాతం లోపే ఉంది. ఏమీ రాదా?
పింఛను, స్కాలర్‌షిప్ రావు. కానీ బళ్లో చేరడం, తరగతిలో అవసరమైన సాయం అడగడం ఆగవు. పేరు నమోదు చేయించండి.

నాలుగేళ్ల పాప. ఇంకా బడి వయసు రాలేదు.
అంగన్‌వాడీలో చేర్పించి టీచరుకు విషయం చెప్పండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం అక్కడికి వస్తుంది, అవసరమైతే పై ఆసుపత్రికి పంపుతుంది. చిన్నప్పుడు మొదలుపెట్టిన థెరపీ ఎక్కువ పనిచేస్తుంది.

దగ్గర్లో ఎక్కడా సరిపోయే సాయం లేదు. హాస్టల్ ఉన్న ప్రత్యేక బడి ఉందా?
వినికిడి లోపం ఉన్నవారికి హైదరాబాద్ మలక్‌పేటలో, ఆంధ్రప్రదేశ్‌లో బాపట్లలో ప్రభుత్వ పాఠశాలలున్నాయి. చూపు లోపం ఉన్నవారికి హైదరాబాద్ దారుల్‌షిఫాలో ఉంది. బుద్ధి వికాసానికి సంబంధించిన అసెస్‌మెంట్ కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లవచ్చు, ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. పంపేముందు ఒకసారి స్వయంగా చూసిరండి.

10. పని అవ్వకపోతే ఎవరిని కలవాలి?

వరుసగా ఇలా వెళ్లండి: ముందు హెడ్‌మాస్టరు. తర్వాత ఎంఈవో. ఆ తర్వాత జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసులో సమగ్ర శిక్ష సమ్మిళిత విద్య విభాగం. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా కలెక్టరేట్‌లో సోమవారమే అర్జీలు తీసుకుంటారు. హక్కు నిరాకరించారనిపిస్తే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. పిల్లవాడిని కొట్టినా, గదిలో బంధించినా, ఏ రకంగా హింసించినా ఆగకుండా 1098కి ఫోన్ చేయండి.

ఎక్కడికెళ్లినా నోటిమాటతో వదలకండి. అర్జీ రాసి, ఒక జిరాక్స్ మీద తేదీతో సంతకమో ముద్రో వేయించుకోండి.

మొదట్లో చెప్పిన బాబు పేరు ఇప్పుడు భవిత జాబితాలో ఉంది, థెరపీ మళ్లీ మొదలైంది. కొత్త క్యాలిపర్లకు కొలతలు తీసుకున్నారు. పోయిన ఆరు నెలల నడక మాత్రం అతను మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు. మీ బిడ్డకు ఆ అవసరం రాకూడదు. ఇల్లు వెతికే రోజే భవిత కేంద్రం ఎక్కడుందో అడగండి.

— జిల్లా సమాచార అధికారి